మంచినీళ్ళు అందించడానికి వచ్చి గెలిచిన కుర్రాడు – ఫౌస్తో కొప్పి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని అడిగినప్పుడు చాలా పేర్లు గుర్తుకు వచ్చాయి. అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి, జాషువా గారి గురించి మనవాళ్ళు ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. రాయాలి కూడా. ఈసారి నేను మనకు అంతగా పరిచయం లేని ఒక ఆటగాని గురించి రాస్తున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, మన భాష వాడు కాదు. ఇటలీ దేశస్థుడు. చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే, సైకిలు తొక్కడం. పేరు ఫౌస్తో కొప్పి.

సైకిలు అంటే మనకు కొత్తేమీ కాదు. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో అచ్యుతాపురం జంక్షన్లో గంట లెక్కన అద్దెకు సైకిలు తీసుకుని, సీటు అందక బారు కింద నుండి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. పూడిమడక వైపు నుండి చేపల గంపలు క్యారేజీకి కట్టుకుని ఎదురుగాలికి తొక్కుకుంటూ వచ్చేవారిని రోజూ చూసేవాళ్ళం. సైకిలు మనకు ఆట కాదు, బతుకు తెరువు. కొప్పికి కూడా మొదట అంతే. అందుకే ఆయన కథ మన కథలాగే మొదలవుతుంది.

కొండ మీద పల్లె

ఫౌస్తో కొప్పి 1919 సెప్టెంబరు 15న ఉత్తర ఇటలీలోని కాస్టెల్లానియా అనే చిన్న కొండ గ్రామంలో జన్మించాడు. తండ్రి దొమెనికో, తల్లి ఆంజొలీనా. కొద్దిపాటి వ్యవసాయం మీద బతికే కుటుంబం. ఐదుగురు పిల్లలలో ఫౌస్తో నాలుగవవాడు. చివరివాడు తమ్ముడు సెర్సే.

చిన్నప్పటి నుండి కొప్పిది బలహీనమైన శరీరం. సన్నటి పొడవాటి కాళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము, తేలికగా విరిగే ఎముకలు. నేల మీద నడుస్తుంటే ఇతను ఆటగాడంటే ఎవరూ నమ్మేవారు కాదట. సైకిలు ఎక్కితే మాత్రం వేరే మనిషి. పొలం పనికి పనికిరాని శరీరమని ఇంట్లో అనుకున్నదే సైకిలుకు సరిగ్గా అతికినట్లు సరిపోయింది.

ఎనిమిదేళ్ళ వయసులో తుప్పు పట్టిన, బ్రేకులు లేని పాత సైకిలు ఒకటి దొరికితే దాని కోసం బడి ఎగ్గొట్టి శిక్ష కూడా అనుభవించాడు. పదమూడు ఏళ్ళకే చదువు ఆగిపోయింది. దగ్గరలోని నోవి లిగురే పట్టణంలో ఒక మాంసం కొట్టులో డెలివరీ కుర్రాడుగా చేరాడు. మాంసం మూటలు సైకిలుకు తగిలించుకుని, ఎత్తుపల్లాల దారుల్లో ఇంటింటికీ అందించడం అతని పని. పని అయిపోగానే ఆ సైకిలు మీదనే కొండ ఎక్కి ఇంటికి వెళ్ళేవాడు. ఎవరూ నేర్పకుండానే ఆ కొండ దారి అతనికి శిక్షణ అయింది. తరువాత తండ్రి, ఓడలలో పనిచేసే చిన్నాన్న కలిసి డబ్బు సమకూర్చి ఒక పందెం సైకిలు కొనిపెట్టారు.

కళ్ళు లేని గురువు

నోవి లిగురేలో బియాజియో కవన్నా అనే మనిషి ఉండేవాడు. చూపు పోయినవాడు. సైకిలు ఆటగాళ్ళకు మర్దన చేయడం ఆయన వృత్తి. కండరాన్ని చేతితో తడిమి ఆ ఆటగాడు ఎంత అలసిపోయాడో, ఎంత మిగుల్చుకున్నాడో చెప్పగలిగేవాడని పేరు. మాంసం కొట్టు కుర్రాడి కాళ్ళను తడిమి చూసి, ఇతనిలో ఏదో ఉందని గుర్తించింది కళ్ళున్న వాళ్ళు కాదు, ఆయనే. పొద్దున్నే లేవడం, వేళకు నిద్ర, మితమైన తిండి, రోజూ లెక్క ప్రకారం సాధన, అన్నీ కవన్నా నేర్పినవే. ఆ క్రమశిక్షణను కొప్పి జీవితాంతం పాటించాడు. అప్పట్లో సైకిలు ఆటగాళ్ళు పందేనికి ముందు కడుపు నిండా మాంసం తినేవారు. కొప్పి ఆ అలవాటు మార్చి, తేలికైన తిండిని కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినే పద్ధతికి వచ్చాడు. ఇవాళ ఆటగాళ్ళందరూ చేసేది అదే.

ఈ పందెం ఎలా ఉంటుంది?

ముందు తమ్ముళ్ళకు ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇటలీలో 1909 నుండి జిరో డి ఇటాలియా అనే పందెం జరుగుతోంది. దేశమంతా చుట్టి వచ్చే పందెం. సుమారు మూడు వారాలు పడుతుంది. రోజుకొక ఊరి నుండి మరో ఊరికి తొక్కాలి. అన్ని రోజుల సమయాన్నీ కలిపి కూడుతారు. అందరికంటే తక్కువ సమయం వచ్చినవాడు విజేత. అంటే మన పదవ తరగతి పరీక్షల టోటల్ మార్కులలాగే. ఒక్క పేపరులో నూటికి నూరు వచ్చి మరో పేపరు పోగొట్టుకుంటే లాభం లేదు. ఏ రోజుకు ఆ రోజు మొత్తంలో ముందున్నవానికి గులాబీ రంగు చొక్కా తొడుగుతారు. పందెం నడిపే పత్రిక గులాబీ రంగు కాగితం మీద అచ్చయ్యేది, అందుకని 1931 నుండి చొక్కాకు ఆ రంగు పెట్టారు.

చూసేవారికి ఎవరి సైకిలు వారు తొక్కుతున్నట్లే ఉంటుంది. నిజానికి ఇది జట్టు ఆట. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ వెళతాడు. వెనుక చాటున ఉన్నవానికి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకని ప్రతి జట్టులోనూ ఒక నాయకుడు ఉంటాడు, మిగతావారు అతని కోసం గాలికి ఎదురు తొక్కుతారు. నీళ్ళ సీసాలు తెచ్చి ఇస్తారు. అతని చక్రం పాడైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. ఇలాంటి సహాయకుణ్ణి ఇటలీ భాషలో గ్రెగారియో అంటారు. మంద లోని వాడు అని అర్థం.

కొండ వచ్చినప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది కాబట్టి గాలి చాటు అంతగా ఉపయోగపడదు. అక్కడ ఎవరి కాళ్ళు వారివే, ఎవరి ఊపిరి వారిదే. తేలికైన శరీరం ఉన్నవాడు, శక్తి దాచుకున్నవాడు విడిపోయేది అక్కడే.

1940: ఇరవై ఏళ్ళ సహాయకుడు

1940లో కొప్పి లెన్యానో అనే జట్టులో చేరాడు. ఆ జట్టు నాయకుడు జీనో బర్తాలి. అప్పటికే రెండుసార్లు జిరో గెలిచినవాడు, 1938లో ఫ్రాన్స్ దేశపు మహా పందెం టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచినవాడు. దేశమంతటికీ ఆరాధ్యుడు. కొప్పిని తీసుకున్నది బర్తాలికి నీళ్ళు అందించడానికి, గాలికి అడ్డు నిలవడానికి. కొప్పి కూడా అదే పని అనుకుని వచ్చాడు.

మే 17న మిలాన్ నగరంలో పందెం మొదలైంది. రెండవ రోజునే ఊహించనిది జరిగింది. వాలు దిగుతుండగా ఒక కుక్క అడ్డు రావడంతో బర్తాలి పడిపోయి గాయపడ్డాడు. మానకుండా కొనసాగించాడు గానీ సమయం పోగొట్టుకున్నాడు. జట్టు అధికారి పావేసికి అప్పుడు చిక్కు వచ్చింది. నాయకుడు వెనుకబడ్డాడు, కొత్త కుర్రాడేమో ముందువరుసలో ఉన్నాడు.

ఇక్కడ కొప్పి ఏం చేశాడో గమనించాలి. అవకాశం వచ్చింది కదా అని ఆ మర్నాడే తొందరపడి దూకలేదు. పది రోజులు ముందున్నవారి గుంపులోనే ఉంటూ, మొత్తంలో వెనుకబడకుండా, శక్తిని దాచుకున్నాడు. మే 29న పదకొండవ అంచె వచ్చింది. ఫ్లోరెన్స్ నుండి మోడెనాకు. మధ్యలో అబెటోనే కనుమ, 1388 మీటర్ల ఎత్తు. మన అరకు సుమారు 900 మీటర్లు, దాని కంటే బాగా ఎత్తన్నమాట. ఆ రోజు వాన, వడగళ్ళు, చలి. అందరూ ఎలాగోలా గట్టెక్కితే చాలు అనుకునే రోజు.

ఆ కొండ మీద కొప్పి కదిలాడు. సీటు మీద కదలకుండా కూర్చుని, ఒకే లయలో కాళ్ళు తిప్పుతూ, ముందున్న ఒక్కొక్కరినీ అందుకుని దాటి వెళ్ళిపోయాడు. శిఖరం దాటాక మోడెనా వరకు చాలా దూరం ఉంది, వెనుక గుంపు కలిసి తరిమితే పట్టుబడే ప్రమాదం ఉంది. అయినా వేగం తగ్గించలేదు. రెండవవాని కంటే మూడున్నర నిమిషాలకు పైగా ముందుగా ఒంటరిగా మోడెనా చేరాడు. ఆ సాయంత్రం గులాబీ చొక్కా మాంసం కొట్టు కుర్రాడి ఒంటి మీదకు వచ్చింది.

దానిని నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. డోలమైట్ పర్వతాలలో ఒక రోజు కొప్పికి కడుపు నొప్పి వచ్చి, ఇక నా వల్ల కాదని దిగిపోబోయాడని, అప్పుడు బర్తాలి ఆగి, మంచు తీసి అతని ఒంటికి రుద్ది, తిట్టి, పొగిడి మళ్ళీ సైకిలు ఎక్కించాడని చెప్పుకుంటారు. ఎవరికి సాయం చేయడానికి కొప్పి వచ్చాడో ఆ మనిషే కొప్పికి సాయం చేశాడు. చివరి వారంలో బర్తాలి తన పందెం వదులుకుని, కొప్పి గెలుపుకు తోడు నిలిచాడు.

జూన్ 9న పందెం మిలాన్‌లో ముగిసింది. సుమారు 3,570 కిలోమీటర్లు తొక్కిన తరువాత రెండవవాడైన ఎన్రికో మొల్లో కంటే 2 నిమిషాల 40 సెకన్ల ముందు కొప్పి నిలిచాడు. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్ళ 8 నెలలు. అంత చిన్న వయసులో జిరో గెలిచినవాడు ఈనాటికీ మరొకడు లేడు.

దీనిని కొందరు అదృష్టం అన్నారు. కుక్క అడ్డు రాకపోతే కొప్పి ఎవరికి తెలిసేవాడు అన్నారు. నాకు అలా అనిపించదు. ఆ రోజు ఆ జట్టులో ఇతర సహాయకులు కూడా ఉన్నారు. అందరికీ అదే కుక్క, అదే అవకాశం. సిద్ధంగా ఉన్నది ఒక్కడే. సహాయకుడుగా ఉన్నప్పుడే నాయకుడికి కావలసిన సాధన చేసి పెట్టుకున్నాడు. ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుసుకున్నాడు.

యుద్ధం, ఆ తరువాత

జిరో ముగిసిన మర్నాడే, జూన్ 10న, ఇటలీ రెండవ ప్రపంచ యుద్ధంలోకి దిగింది. పందేలు తగ్గిపోయాయి. కొప్పి సైనికుడయ్యాడు. 1942 నవంబరు 7న, బాంబులు పడుతున్న మిలాన్ నగరంలో, ఒక్క గంటలో ఎంత దూరం తొక్కగలరన్న ప్రపంచ రికార్డును బద్దలు కొట్టాడు. 45 కిలోమీటర్లకు పైగా తొక్కాడు. 1956 వరకు ఎవరూ దాన్ని దాటలేకపోయారు. తరువాత ఆయనను ఆఫ్రికాకు యుద్ధానికి పంపారు. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ వారికి పట్టుబడి సుమారు రెండేళ్ళు ఖైదీగా గడిపాడు. ఏ ఆటగానికైనా బంగారం లాంటి వయసు అది.

వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాడు. 1946లో మిలాన్–శాన్ రేమో పందెంలో రెండవవాని కంటే 14 నిమిషాల ముందు చేరాడు. జిరోను 1947, 1949, 1952, 1953 సంవత్సరాలలో మళ్ళీ గెలిచి మొత్తం ఐదుసార్లు విజేత అయ్యాడు. టూర్ డి ఫ్రాన్స్‌ను 1949లోను, 1952లోను గెలిచాడు. ఒకే సంవత్సరంలో ఈ రెండు మహా పందేలూ గెలిచిన మొదటి మనిషి ఆయనే. 1953లో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు.

1949 జిరోలో క్యూనియో నుండి పినెరోలో వరకు ఐదు కనుమలు దాటే అంచెలో 192 కిలోమీటర్లు ఒంటరిగా ముందు తొక్కాడు. రెండవవాడుగా వచ్చిన బర్తాలి దాదాపు 12 నిమిషాలు వెనుక. అప్పటికి వారిద్దరూ వేర్వేరు జట్లు, గట్టి ప్రత్యర్థులు. ఇటలీ దేశమే కొప్పి వారు, బర్తాలి వారు అని రెండుగా చీలిపోయింది. అయినా 1952 టూర్‌లో కొండ ఎక్కుతూ వారిద్దరూ ఒక నీళ్ళ సీసాను చేతులు మార్చుకుంటున్న ఫోటో ఒకటి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఇచ్చినది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు అని ఇటలీ వారు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎవరు ఎవరికి నీళ్ళు ఇవ్వాలి, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగాలి అనే మాట మన తాత ముత్తాతలను ఎంత బాధపెట్టిందో తెలిసిన మనకు ఆ ఫోటో మరొక రకంగా కనిపిస్తుంది. దాహం వేసినవాడు తాగాడు, ఉన్నవాడు ఇచ్చాడు, అంతే.

కష్టాలు, తప్పులు

కొప్పి జీవితం పూలబాట కాదు. ఎన్నోసార్లు ఎముకలు విరిగాయి. 1950 జిరోలో పడి తుంటి ఎముక విరిగింది. 1951 జూన్ 29న, తనలాగే పందెగాడైన తమ్ముడు సెర్సే ట్యూరిన్‌లో పందెం చివర పడిపోయాడు. లేచి హోటల్‌కు వెళ్ళాడు, ఏమీ కాలేదనుకున్నారు. ఆ రోజే తలలో రక్తస్రావంతో చనిపోయాడు. కొప్పి ఆ దెబ్బ నుండి చాలా కాలం కోలుకోలేదు.

ఆయనను దేవుణ్ణి చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కాలంలో ఆటగాళ్ళు ఉత్తేజం కోసం మాత్రలు వాడేవారు. తానూ వాడానని కొప్పి దాచకుండా ఒప్పుకున్నాడు. అప్పట్లో నిషేధం లేదు, తరువాత వచ్చింది. ఈ రోజు అది నేరం, ఆరోగ్యానికి చేటు. ఈ విషయంలో మాత్రం ఆయనను అనుసరించకూడదు. కుటుంబ జీవితంలోనూ గొడవలు వచ్చి కోర్టు దాకా వెళ్ళాడు. పూజించిన జనమే కొంతకాలం నిందించారు.

చలిజ్వరం

1959 డిసెంబరులో కొప్పి, ఫ్రెంచి ఆటగాడు రాఫేల్ జెమినియాని, మరికొందరు కలిసి ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా దేశానికి వెళ్ళారు. ఇప్పుడు దాని పేరు బుర్కినా ఫాసో. అక్కడ ఒక ప్రదర్శన పందెం, తరువాత వేట. రాత్రి పడుకున్న చోట దోమలు. ఇళ్ళకు చేరాక ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఫ్రాన్స్‌లో జెమినియానికి రక్తపరీక్ష చేసి మలేరియా అని కనిపెట్టారు, మందు ఇచ్చారు, బతికాడు. ఇటలీలో కొప్పిని చూసినవారు ఫ్లూ జ్వరమనో, ఊపిరితిత్తుల జబ్బనో అనుకున్నారు. ఇది మలేరియా అయి ఉండవచ్చునని ఫ్రాన్స్ నుండి కబురు వచ్చినా పట్టించుకోలేదని చెబుతారు. 1960 జనవరి 2న టోర్టోనా ఆసుపత్రిలో ఫౌస్తో కొప్పి కన్నుమూశాడు. వయసు నలభై.

మలేరియాను దోమలు మోస్తాయని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. దానికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. కొప్పి చనిపోయేనాటికి ఆ సంగతి తెలిసి అరవై ఏళ్ళు దాటింది. మందు కూడా ఉంది. ఒక్క చుక్క రక్తం తీసి చూడకపోవడం వల్ల, పర్వతాలు ఓడించలేని మనిషిని ఒక దోమ ఓడించింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ కథ రాయడానికి నిజమైన కారణం ఇదే. హాస్టల్ పిల్లలకు ఓర్చుకోవడం బాగా అలవాటు. పప్పు నీళ్ళగా ఉన్నా ఓర్చుకుంటాం, చలికి దుప్పటి చాలకపోయినా ఓర్చుకుంటాం. ఆ ఓర్పే మనలో చాలామందిని చదివించి ఉద్యోగాలలో నిలబెట్టింది. కానీ జ్వరాన్ని కూడా ఓర్చుకుంటాం. పరీక్షలు పోతాయని, వార్డెన్ గారు ఇంటికి పంపేస్తారని, అమ్మానాన్నలకు కూలి పోతుందని దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాం. మా రోజుల్లో నేనూ అలాగే మూడు రోజులు పడుకున్నాను. పక్క మంచం మిత్రుడు నా మాట వినకుండా వెళ్ళి చెప్పబట్టి బతికాను. మన్యం జ్వరాల సంగతి ఈ ప్రాంతం వారికి ఎవరూ చెప్పనక్కర లేదు.

కనుక కొప్పి నుండి రెండు నేర్చుకుందాం. చిన్న పని ఇచ్చారని చిన్నబోకుండా, పెద్ద పనికి కావలసిన సాధన ఈ రోజే చేసి పెట్టుకోవడం ఒకటి. కొండ ఎక్కేటప్పుడు ఓర్చుకోవడం, ఒళ్ళు కాలేటప్పుడు నోరు విప్పి చెప్పడం రెండవది. చలితో జ్వరం వస్తే వెంటనే చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష ఉచితం. మీరు చెప్పలేకపోతే పక్క మంచం వాడు చెప్పాలి. బర్తాలి అంతటివాడు తన పందెం వదులుకుని ఆగాడు కదా, మనం ఒక పూట చదువు ఆపి మిత్రుణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళలేమా?

కొప్పి పుట్టిన ఆ కొండ పల్లె 2019లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, తన పేరును కాస్టెల్లానియా కొప్పి అని మార్చుకుంది. బడి మానేసి మాంసం మోసిన కుర్రాడి పేరు ఊరికి పేరయింది. మన హాస్టల్ నుండి కూడా అలాంటి పేర్లు రావాలని, అంతకంటే ముందు అందరూ ఆరోగ్యంగా వార్షిక పరీక్షలు రాయాలని కోరుకుంటూ సెలవు.

– ఒక పూర్వ విద్యార్థి, అచ్యుతాపురం